ఇంటిలెక్కయు మనిషిగుట్టును

“ఇంటిగుట్టు లంకకు చేటు” అను సామెతను మన యిండ్లలో పెద్దలు తరచుగ స్త్రీలను, పిన్నలను ఉద్దేశించి చెప్పుచుందురు. ఇంటిమాట గడప దాటరాదనుట దాని తాత్పర్యము. సంఘసంస్కారమును కోరువారికి ఈ సామెతపై మొదటినుండియు అనుమానమే. ఆ గుట్టు మాటుననే గదా బాల్యవివాహములు జరిగినవి, కోడండ్రు దెబ్బలు తినిరి, వితంతువులు చీకటిగదులలో మ్రగ్గిరి! 1929లో శారదా చట్టము వచ్చినప్పుడు, మా సంసారములలో సర్కారునకేమి పని యని వాదించినవారు కాపాడదలచినది ఇంటిపెద్ద పెత్తనమును గాని, ఇంటిలోని బాలికను గాదు. అందుచేతనే నేడు ప్రభుత్వపు నిఘాను గూర్చియు, పౌరుల యేకాంతమును గూర్చియు వాదము చెలరేగునప్పుడు సంస్కారప్రియులు ఏ పక్షమున నిలువవలెనో తోచక తడబడుచుందురు.

రెండు వేర్వేరు వస్తువులకు ఒకే పేరు పెట్టుటయే ఈ తడబాటునకు కారణమని మా యభిప్రాయము. ఇంటిగుట్టు వేరు, మనిషిగుట్టు వేరు. మొదటిది యజమాని చేతిలోని తాళపుచెవి. రెండవది ఆ యింటిలోని ప్రతి ప్రాణికిని తనదని చెప్పుకొనదగిన సొత్తు: తన యారోగ్యము, తన యప్పు, తన యుత్తరము, తన పోయిన జీవితము. మొదటిదానిని సంస్కర్తలు బ్రద్దలు కొట్టిరి, కొట్టవలసినదే. రెండవదానిని కాపాడుట సంస్కారమునకు విరుద్ధము గాదు సరిగదా, దాని తరువాతి మెట్టు. ఈ భేదమును మనసునం దుంచుకొని, మన తెలంగాణమున గడచిన పది పండ్రెండేండ్లలో ప్రభుత్వము ఇంటింటి గడప నెక్కి యడిగిన ప్రశ్నలను, ఆ జవాబులకు పట్టిన గతిని ఇచట విమర్శింపదలచితిమి.

2014 ఆగస్టు 19వ తేదీన, రాష్ట్ర మేర్పడి మూడు నెలలైన నిండకముందే, సమగ్ర కుటుంబ సర్వే జరిగినది. ఒక్క దినమున కోటికి పైగ కుటుంబముల వివరములు వ్రాసికొనుటకు సుమారు 4 లక్షలమంది నియమింపబడిరి. ఆనాడు నిజామాబాదు వీథులు కర్ఫ్యూ విధించినట్లు నిర్మానుష్యములై యుండినవి. బొంబాయి, భివండీలకు పనికి పోయినవారు బస్సుల పైకప్పు లెక్కియైనను ఊరు చేరుకొనిరి. సర్వే బలవంతము గాదని ప్రభుత్వమే యున్నత న్యాయస్థానమునకు విన్నవించినది. కాని గల్ఫునం దున్న కొడుకు పేరు ఎట్లు వ్రాయింపవలెనో తెలియక కన్నీరు పెట్టుకొన్న తల్లికి ఆ సంగతి తెలియదు. పేరు వ్రాయనియెడల బియ్యము పోవునని మాత్రము ఆమెకు తెలియును. భయముచే నిచ్చిన జవాబును సమ్మతి యనుట భాషకు చేయు ద్రోహము.

మరల 2024 నవంబరులో సమగ్ర ఇంటింటి కుటుంబ సర్వే వచ్చినది. ప్రధాన ప్రశ్నలు, అనుబంధ ప్రశ్నలు కలిపి 75. కులము, భూమి, ఆదాయము, అప్పు, వాహనము మొదలుకొని రాజకీయ నేపథ్యము వరకు అందులో నున్నవి. ప్రాథమిక పాఠశాలలు కొన్ని వారములు ఒంటిపూట నడచినవి. ఏలయన గణకులలో పెక్కురు మా వృత్తివారే. ఈ సర్వే నిష్ఫల మని మేమనము. 2025 ఫిబ్రవరిలో ప్రకటింపబడిన లెక్కలచే, ముస్లిములలోని వారిని గూడ కలిపి చూచిన వెనుకబడిన తరగతులవారు రాష్ట్ర జనాభాలో నూటికి 56 పైచిలుకని తెలిసినది. తమ సంఖ్య తమకే తెలియని జనులకు అది చిన్న లాభము గాదు. కులభేదమును పోగొట్టదలచినవాడు కులములవారి స్థితిని లెక్కింపక తప్పదు.

కాని గడపవద్ద నిలిచిన ఉపాధ్యాయునకు వినబడునది వేరొక ప్రశ్న. బీడీలు చుట్టుచు, చాటలోని ఆకునుండి చూపు త్రిప్పకయే యొక స్త్రీ “సారూ, గిది రాస్తె పింఛను పోతదా?” యని యడుగును. 1937లో స్థాపితమైన బోధన్ చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతబడగా పని పోయిన వారి యిండ్లలో, కొడుకు అప్పు చేసి కొనిన కారును చెప్పవలెనా మానవలెనా యని తండ్రి సంశయించును. వీరికి సత్యము చెప్పుటయందు విముఖత లేదు. తాము చెప్పిన సత్యము ఎవరి చేతికి పోవునో, ఏ దినమున తమమీదికే తిరిగివచ్చునో తెలియకుండుటయే వీరి బాధ. ఉపాధ్యాయునకు గూడ ఆ సంగతి తెలియదు. తెలియనివాడు తెలియనివారికి ధైర్యము చెప్పుటకంటె కష్టమైన యుద్యోగము వేరొకటి లేదు.

రాజ్యము ప్రజలను లెక్కించుట తెల్లవారు నేర్పిన విద్య యని కొందరందురు. అది సరిగాదు. కౌటిల్యుని యర్థశాస్త్రమున గోపుడను నుద్యోగి కలడు. ఇన్ని యిండ్లకని నియమింపబడి, వానిలోని జనుల కులమును, వృత్తిని, ఆదాయవ్యయములను గూడ వ్రాసి యుంచుట అతని పని. నేటి సర్వే పత్రముతో పోల్చినయెడల అంశములు చాలవరకు కలియును. అంతటితో ఆగక కౌటిల్యుడు గృహస్థుల వేషమున చారులను పంపి గోపుని లెక్క నిజమో కాదో కనుగొనుమనెను. ఇచ్చట మేము గమనింపుమని కోరునది యిది: ఆ శాస్త్రమున చారుడు గోపునిపై గూడ నిఘా వేయును, ముగ్గురు చారుల మాట యేకమైనగాని రాజు నమ్మరాదు, మాటిమాటికి తప్పు చెప్పు చారునకు శిక్ష కలదు. నిర్దయుడని పేరుపొందిన ఆ మంత్రి గూడ, విన్న ప్రతిమాటను రాజు నమ్మినయెడల రాజ్యము చెడునని యెరిగియుండెను. లోపమల్లా యేమనగా, చెప్పుకొనుటకు ప్రజకు మాత్రము ఆ శాస్త్రమున చోటు లేదు. వాడు లెక్కలోని యంకె. లెక్క నడుగదగినవాడు గాడు.

ఆ చోటును కల్పించినది రాజ్యాంగయుగము. దానికి మంచి యుదాహరణము 1948 నాటి జనగణన చట్టము. ఆ చట్టము ప్రకారము గణకుడడిగిన ప్రశ్నకు జవాబు చెప్పుట పౌరునకు విధి. అయినను ఆ విధికి ప్రతిగా రాజ్యము కొన్ని ప్రతిజ్ఞలు చేసినది. జనగణన పత్రములను ఇతరులు పరిశీలింపరాదు. వానిని న్యాయస్థానమున సాక్ష్యముగ చూపరాదు. వివరములను వెల్లడించిన యుద్యోగి శిక్షార్హుడు. మరియొక వింత నిబంధన కూడ నున్నది: ఇంటిలోని స్త్రీల పేర్లు చెప్పుమని యెవ్వరిని నిర్బంధింపరాదు, ఆచారముచే పలుకగూడని భర్త పేరును చెప్పుమని స్త్రీని నిర్బంధింపరాదు. ఈ నిబంధన నేటి చదువుకొన్న గృహిణికి నవ్వు పుట్టింపవచ్చును. పేరు చెప్పని యాచారమును మేమును మెచ్చము. కాని యా నిబంధన వెనుక నున్న మర్యాదను చూడుడు. ప్రజ జంకుచోట ఆగుట రాజ్యమునకు చట్టమే నేర్పినది.

పై రెండు కుటుంబ సర్వేలు ఈ చట్టముక్రింద జరిగినవి గావు. ప్రభుత్వపు టుత్తర్వులచే జరిగినవి. వివరములు గోప్యముగ నుండునని చెప్పబడినమాట నిజమే. మాట వేరు, చట్టము వేరు. మాట ఇచ్చిన ప్రభుత్వము మారవచ్చును. 2023 డిసెంబరులో మారినది గూడ. కాగితములు మాత్రము మారక నిలిచియుండును.

అట్లు నిలిచిన వివరములు ఏమగుననుటకు దృష్టాంతము సమగ్రవేదిక. సర్కారు శాఖలయందు వేర్వేరుగ నున్న పట్టికలను, అనగా వాహనముల రిజిస్ట్రేషను, ఆస్తి, విద్యుత్తు మొదలగువానిని యొకచోట గూర్చి, పేరు, చిరునామాల పోలికనుబట్టి ఒక్కొక్క కుటుంబమును గుర్తించు కంప్యూటరు ఏర్పాటది. అనర్హులు పేదల బియ్యమును తినరాదను నుద్దేశము మంచిదే. ఫలితమును చూడుడు. 2014 నుండి 2019 వరకు రాష్ట్రమున 18 లక్షలకు పైగ రేషను కార్డులు రద్దయినవి. అన్నియు ఈ యంత్రమువలననే పోయినవని మేమనము. కాని రద్దుచేయుటకు ముందు నోటీసు ఇచ్చి అడిగినవారు లేరను ఫిర్యాదు సర్వోన్నత న్యాయస్థానము వరకు పోయినది. 2022 ఏప్రిలులో ఆ న్యాయస్థానము, ఇంటికి పోయి మరల విచారింపుడని యాజ్ఞాపించినది. ఆ జులై నాటికి తిరిగి చూచిన 2 లక్షల పైచిలుకు దరఖాస్తులలో 15,000కు పైగ అర్హులవే యని తేలినది. అనగా నూటికి ఏడుగురు తమ తప్పు లేకయే అన్నము కోల్పోయిరి. ఒకచోట పేరు కలిసిన వేరొకని కారు ఒక రిక్షా కార్మికుని లెక్కలో పడినదని పత్రికలు వెల్లడించినవి. ఆ కారు తమది గాదని నిరూపించుకొను భారము గూడ ఆ పేద కుటుంబముపైననే పడినది.

ఈ సందర్భమున భవభూతి యుత్తరరామచరితమును స్మరింపక తప్పదు. మొదటి యంకమున దుర్ముఖుడను చారుడు పౌరుల మాటలు వినివచ్చి రాముని చెవిలో చెప్పును. ఆ సమయమున సీత, గర్భవతి, అలసి నిద్రించుచుండును. రాముడు దుర్ముఖుని నిందింపడు. దుర్ముఖుడు అబద్ధమాడినవాడు గాడు, విన్నది విన్నట్లు చెప్పినవాడు. లోకము పలుకు పలుకు నిజమో కాదో యని రాముడు సంశయింపలేదు. అబద్ధమని యెరిగియు త్యజించెను. సహృదయులు దీనిని రాజధర్మమునకును, దాంపత్యప్రేమకును నడుమ సంఘర్షణమని వ్యాఖ్యానింతురు. ఆ వ్యాఖ్యానము సరియే. మాకు మాత్రము ఆ యంకమున మిక్కిలి భయంకరముగ తోచునది సీత నిద్ర. ఆమెను గూర్చిన సమాచారము వచ్చినది, తీర్పు జరిగినది, శిక్ష నిర్ణయమైనది. ఆమె నొక్కమాట యడిగినవారు లేరు. లక్ష్మణునితో బయలుదేరునపు డామె వనవిహారమునకు పోవుచున్నాననియే తలచును. మన యిండ్లలో లవకుశ చలనచిత్రమును చూచి కంటతడి పెట్టని స్త్రీ లేదు. రేషను దుకాణమువద్ద సంచి పట్టుకొని నిలిచి, “నీ కార్డు లేదమ్మా” యను మాట తొలిసారి అచ్చటనే విన్న స్త్రీ యవస్థ ఇంతకంటె వేరు గాదు. చారుడు ఎంత సత్యవంతుడైనను, యంత్ర మెంత చురుకైనదైనను, ఎవరిని గూర్చి చెప్పబడినదో వారిని వినక చేసిన తీర్పు తీర్పు గాదు.

న్యాయస్థానములు ఈ సూత్రమును మనకు క్రొత్తగ చెప్పినవి గావు. మన యాంధ్రప్రదేశమునుండియే పోయిన వ్యాజ్యమొకటి కలదు. స్టాంపుల చట్టమునకు ఆనాటి రాష్ట్రము చేసిన సవరణచే, కలెక్టరు అనుమతి పొందిన యెవరైనను బ్యాంకులో ప్రవేశించి జనుల పత్రములను పరిశీలింపవచ్చునని యేర్పడెను. 2004లో సర్వోన్నత న్యాయస్థానము ఆ నిబంధనను కొట్టివేసినది. నమ్మి బ్యాంకులో నుంచిన పత్రముపై మనిషికి గల హక్కు, పత్రము ఇల్లు విడిచినంతనే పోదని దాని సారాంశము. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము ఏకగ్రీవముగ ఏకాంతము ప్రాథమికహక్కని తీర్పు చెప్పినది. రాజ్యము అందులో జోక్యము చేసికొనవలెనన్న చట్ట ముండవలెను, తగిన ప్రయోజన ముండవలెను, ఆ ప్రయోజనమునకు మించిన చొరబాటు ఉండరాదు. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమును ఈ కొలతతో కొలిచినయెడల మాకు సంతృప్తి కలుగుటలేదు. వర్తకుడు మన సమాచారమును మరియొక పనికి వాడుకొనవలెనన్న మనలను అడుగవలెను. సర్కారు మాత్రము, ఒక సహాయమునకై యిచ్చిన సమాచారమును వేరొక సహాయమునకై వాడుకొనవచ్చును. కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన సంస్థలకు దేశభద్రతాది కారణములచే ఈ చట్టమునుండియే మినహాయింపు కలదు. కోమటిని కట్టివేసి కొత్వాలును విడిచిపెట్టినట్లున్నది.

దీనికి ప్రతివాదము కలదు. దానిని తేలికగ త్రోసివేయరాదు. మా జిల్లావారికి శాంతిభద్రతల విలువ తెలియనిది గాదు. 2022 మార్చిలో విగ్రహము విషయమై బోధన్‌లో అలజడి రేగి నిషేధాజ్ఞలు విధింపవలసివచ్చినది. ఆ జులైలో నిజామాబాదు పోలీసులు నమోదు చేసిన యొక కేసును జాతీయ దర్యాప్తు సంస్థ చేపట్టి, సెప్టెంబరులో జిల్లాలో పెక్కుచోట్ల సోదాలు జరిపినది. పోలీసులు కన్నులు మూసికొని కూర్చుండవలెనని బుద్ధిమంతు డెవ్వడును కోరడు. అయితే 2021 ఫిబ్రవరిలో బయటపడిన యింకొక సంగతిని గూడ తలపోయవలెను. బోధన్ చిరునామాలపై విదేశీయులు అక్రమముగ 72 పాస్‌పోర్టులు పొందిరని పోలీసులే ప్రకటించిరి. ఇంటికి పోయి విచారింపవలసిన నిఘా విభాగపు టుద్యోగు లిరువురు ఆ కేసులో నిర్బంధింపబడిరి. గల్ఫునకు పోవు ప్రతి పేదవాని పాస్‌పోర్టు దరఖాస్తును కూలంకషముగ శోధించు యంత్రాంగమునకు ఈ 72 కనబడలేదు. కన్నులు తక్కువై యిట్లయినదా? కాదు. ఆ కన్నులను చూచు కన్ను లేక యిట్లయినది.

గడపకు వచ్చి యడుగు సర్కారుకంటె గోడచాటున వినెడి సర్కారు మరింత భయంకరము. టెలిఫోనులను రహస్యముగ వినుటపై 1996లోనే సర్వోన్నత న్యాయస్థానము కట్టుబాట్లు విధించినది: ఉన్నతాధికారి వ్రాతపూర్వకమైన యుత్తర్వు, రెండు నెలల గడువు, సమీక్షా సంఘము. ఆ సంఘమున నుండువారును ప్రభుత్వోద్యోగులే. 2024 మార్చిలో హైదరాబాదు పంజాగుట్ట ఠాణాలో నమోదైన కేసు అందరెరిగినదే. రాజకీయ ప్రత్యర్థుల, ఇతరుల ఫోనులను అక్రమముగ వినిరనియు, ప్రభుత్వము మారినంతనే ఆ సాక్ష్యములను నాశనము చేసిరనియు ఆరోపణ. నిజానిజములను న్యాయస్థానము తేల్చవలెను. మేము ముందుగ తీర్పు చెప్పము. కాని లోపలివారు నోరు విప్పినగాని బయట తెలియని యేర్పాటును భద్రతయని పిలుచుట యెట్లు?

ఇందూరువారికి ఈ సంగతి పూర్వమే తెలియును. నిజాము కాలమున సభ జరుపవలెనన్న ముందుగ అనుమతి పొందవలెనను గస్తీ నిషాన్ 53 నీడలోనే 1937లో ఆంధ్రమహాసభ నిజామాబాదున జరిగినది. 1948లో దాశరథి కృష్ణమాచార్యులు, వట్టికోట ఆళ్వారుస్వామి ఈ యూరి కోటజైలులోనే బందీలై యుండిరి. దాశరథి గోడలపై బొగ్గుతో పద్యములు వ్రాయుచుండగా కాపలావారు వానిని తుడిచివేయుచుండిరి. ఆ రాజ్యము పోయినది. దాని యలవాట్లు కూడ పోవలెనన్న మనము ఏ ప్రభుత్వము వచ్చినను అదే ప్రశ్న నడుగవలెను.

ఇక చదువరులు తమ యిండ్లవైపు గూడ చూచుకొనవలెను. సర్వే పత్రమునకు జవాబు చెప్పునది సాధారణముగ ఇంటి యజమాని. భార్య బ్యాంకు పుస్తకము, కోడలి యనారోగ్యము, చదువు మానిన కూతురు, అన్నియు అతని నోటనే వెలువడును; వారు ప్రక్కనే నిలిచియుందురు. భార్య ఫోను సంభాషణలను ఆమె యెరుగక పట్టి యుంచుట చట్టవిరుద్ధమని 2008లోనే మన యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. అయినను కూతురు ఫోనును శోధించుట తండ్రి హక్కని, కోడలి యుత్తరము విప్పుట అత్త హక్కని తలచు చదువుకొన్న కుటుంబములు నేటికిని కలవు. మనము ఇంటిలో దుర్ముఖులను పెంచుచు, సర్కారు దుర్ముఖుని మాత్రము దూరుట న్యాయము గాదు.

మేము కోరునది గొప్ప విప్లవమేమియు గాదు. రాష్ట్ర ప్రభుత్వము జరుపు ప్రతి కుటుంబ సర్వేకు శాసనసభ చేసిన చట్టము ఆధారమై యుండవలెను. జనగణన చట్టము నందలి రక్షణలన్నియు అందులో నుండవలెను. ఏ ప్రశ్నకు జవాబు తప్పనిసరియో, ఏది యిష్టాధీనమో పత్రముమీదనే తెలుగున, ఉర్దూన అచ్చువేయవలెను. కార్డుగాని పింఛనుగాని తీసివేయుటకు ముందు నోటీసు పంపి, మండల కార్యాలయమున మనిషి చేత మనిషి మాట వినిపింపవలెను. నిరూపణభారము యంత్రముపై నుండవలెను. ఏటేట ఎన్ని ఫోనులు వినుట కుత్తర్వులిచ్చిరో, పేర్లు లేక సంఖ్యయైనను, శాసనసభ ముందుంచవలెను.

2027 మార్చి 1ని ప్రమాణదినముగ నుంచుకొని జరుగు జనగణనమున జవాబులు కాగితముపై గాక ఫోనులలో వ్రాయబడును. ఆ పనికిని ఉపాధ్యాయులు గడపలెక్కవలసినదే. సోదర సోదరీ ఉపాధ్యాయులకు మా మనవి యిది: పత్రము విప్పుటకు ముందు, ఈ లెక్క యేల వ్రాయుచున్నామో, చట్టము దీని నెట్లు కాపాడునో రెండు మాటలలో చెప్పుడు, ఆ తరువాత యజమానినే గాక, తలుపుచాటున నిలిచిన స్త్రీని గూడ పిలిచి, ఆమె సంగతి ఆమెనే యడుగుడు.